ఐస్ డ్యాన్స్ నేర్చుకోవాలంటే: కర్నూలు సిమెంటు నేల మీద మొదలుపెట్టడం ఎలా?

వేసవి సెలవులు దగ్గర పడితే నాకు ఈ ప్రశ్న ఖాయం. "సార్, మా పాప టీవీలో ఐసు మీద జంటగా డ్యాన్స్ చేసేది చూసింది. అదే నేర్చుకుంటానని మంకుపట్టు పట్టింది. మన కర్నూల్లో యాడైనా నేర్పిస్తారా?" ఆదోని నుంచి ఒకాయన, అనంతపురం నుంచి ఒకామె, ప్రొద్దుటూరు నుంచి ఇద్దరు అన్నదమ్ములు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఒకేచోట రాసిపెడుతున్నా.

ఉన్నమాట ముందే చెప్తా. కర్నూలు, అనంతపురం, కడప, మూడింట్లో ఎక్కడా ఐస్ రింకు లేదు. మనకు ఐసు అంటే సోడా బండి మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన గడ్డే. కానీ ఐస్ డ్యాన్సర్‌కు మొదటి రెండేళ్లలో పట్టుబడాల్సిన వాటిలో చాలా భాగం, అంటే ఒంటికాలి నిలకడ, అంచు మీద వాలడం (అదేంటో ఆరో మెట్టులో చెప్తా), తాళం, జతగాడితో అడుగు కలపడం, నాలుగు చక్రాల స్కేట్ల మీద సిమెంటు నేలపైనే వస్తాయి. నేను నేర్పించేది అదే. ఐసు దగ్గరికి ఎప్పుడు పోవాలో, పోయి ఏం చేయాలో కూడా కింద చెప్తా.

కావాల్సినవి

- ఆర్టిస్టిక్ రకం నాలుగు చక్రాల స్కేట్లు. చీలమండ దాటి పైకొచ్చే బూటు, ముందు రబ్బరు బ్రేకు ఉన్నవి.
- హెల్మెట్, మోకాలికి, మోచేతికి, మణికట్టుకు ప్యాడ్లు. మణికట్టువి మాత్రం మర్చిపోవద్దు, పిల్లలు ముందు చేతులు ఆనించే పడతారు.
- కనీసం బ్యాడ్మింటన్ కోర్టంత నున్నటి నేల.
- సుద్దముక్క, నాలుగైదు మీటర్ల తాడు, ఒక తడి గోనెపట్ట.
- ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్, అంటే టిక్ టిక్ మని తాళం కొట్టేది.
- ఉదయం ఐదుకే లేచే అమ్మ లేదా నాన్న. మిగతావన్నీ కొనుక్కోవచ్చు.

1. మీ పాపకు నచ్చింది ఏదో ముందు తేల్చుకోండి

ఐసు మీద జంటగా ఆడేవి రెండున్నాయి. పెయిర్స్‌లో అమ్మాయిని తల మీదికి ఎత్తుతారు, విసురుతారు, గాల్లో మూడేసి చుట్లు తిరుగుతారు. ఐస్ డ్యాన్స్‌లో అవి ఉండవు. ఒక చుట్టుకు మించి తిరిగే గెంతు లేదు, మామూలు లిఫ్టు, అంటే జతగత్తెను ఎత్తి పట్టుకోవడం (తల మీదికి కాదు), 7 సెకన్లలో ముగియాలి. ఇక్కడ మార్కులన్నీ అడుగుల్లో, అంచుల్లో, ఇద్దరూ ఎంత దగ్గరగా ఎంత వేగంగా కదిలారన్న దాంట్లో ఉంటాయి. రెండు వీడియోలూ పక్కపక్కన చూపించి "ఏది?" అని అడగండి. గెంతులే కావాలంటే ఈ దారి కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

2. స్కేట్లు లేకుండా మూడు వారాలు

ఈ మెట్టు ఎవరికీ నచ్చదు, అందరూ దాటేయాలనే చూస్తారు. వద్దు.

ఒంటికాలి మీద, మోకాలు కొంచెం వంచి, కళ్లు తెరిచి 30 సెకన్లు. తర్వాత కళ్లు మూసి 15 సెకన్లు. రెండో కాలితో మళ్లీ. ఎడమకాలికీ కుడికాలికీ తేడా ఎంతుందో రాసిపెట్టుకోండి, ఆరునెలల తర్వాత ఆ తేడానే చక్రాల మీద బయటపడుతుంది.

రెండోది తాళం. ఇక్కడ మనకు ఇంట్లోనే ఆస్తి ఉంది. మీ ఊళ్లో చెక్కభజన జట్టో కోలాటం జట్టో ఉంటే పిల్లల్ని అక్కడ చేర్చండి. నేను చూసినంతలో చెక్కభజన ఆడిన పిల్లలు జతలోకి వచ్చినప్పుడు పక్కవాడి కాలు తొక్కరు. గుండ్రంగా తిరుగుతూ, చేత్తో ఒక పని, కాలితో ఒక పని, కళ్లు ఎదుటివాడి మీద పెట్టి చేయడం వాళ్లకు అలవాటే. కూచిపూడి, భరతనాట్యం నేర్చిన పిల్లలకు చేతులు, చూపు బాగుంటాయి గానీ పాదం నేలకు గట్టిగా తట్టే అలవాటు పోవడానికి టైం పడుతుంది. స్కేట్ల మీద అడుగు చప్పుడు కాకూడదు.

వాల్ట్జ్ అనే పాశ్చాత్య డ్యాన్స్ పేరు వింటే భయపడకండి, అది మన "తకిట తకిట". మొదట్లో నేర్పే డచ్ వాల్ట్జ్ నిమిషానికి 138 దెబ్బల్లో నడుస్తుంది, అంటే 46 తకిటలు. మెట్రోనోమ్ 138కి పెట్టి, "త" మీద మోకాలు వంగేలా ఇంట్లో నడిపించండి. టాంగో, ఫాక్స్‌ట్రాట్ లాంటివి "తకధిమి" లెక్క.

సరిగా వచ్చిందా? పాట మధ్యలో మీరు ఫోన్ సౌండు తీసేసి పది సెకన్ల తర్వాత మళ్లీ పెట్టండి. అడుగు ఇంకా తాళంలోనే ఉంటే మూడో మెట్టుకు రండి.

3. స్కేట్లు కొనడం

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మన ఊళ్లలో స్కేటింగ్ అంటే స్పీడ్ స్కేటింగే. షాపుకు పోతే వరుస చక్రాల స్పీడ్ స్కేట్లే చేతిలో పెడతారు. వాటి బూటు చీలమండ కింద ఆగిపోతుంది, చక్రాలు పెద్దవి, నేరుగా దూసుకుపోవడానికి చేసినవి. వంకర గీత మీద ఒంటికాలితో వాలాలంటే అవి సాయం చేయవు.

సైజు సంగతి. "రెండు సైజులు పెద్దవి ఇవ్వు, వచ్చే ఏడాదికీ వస్తాయి" అనే మాట బడి బూట్లకు సరే, స్కేట్లకు కాదు. తాళ్లు కట్టకుండా కాలు లోపల పెట్టి, వేళ్లు ముందుకు తాకించి, మడమ వెనక మీ చూపుడువేలు దూర్చండి. ఒక వేలు పడితే సరి, రెండు పడితే తిరిగిచ్చేయండి. తాళ్లు కట్టాక మునివేళ్ల మీద లేస్తే లోపల మడమ పైకి జారకూడదు. ఒకటే జత పలుచటి సాక్సు.

తాళ్లు వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ వంగే చోట బిగువుగా, పైన మళ్లీ కాస్త వదులుగా కట్టాలి. పైన బిగిస్తే మోకాలు వంగదు. మోకాలు వంగకపోతే ఇక మిగతా పాఠాలన్నీ దండగ.

గరుకు సిమెంటుకు మెత్తని చక్రాలు, పాలిష్ నేలకు గట్టివి. మన ఎర్రమట్టి దుమ్ము బేరింగుల్లోకి పోతుంది కాబట్టి నెలకోసారి విప్పి కిరోసిన్‌లో కడిగి, బాగా ఆరాక ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. ఈ కడిగే పని పెద్దవాళ్లే చేయాలి, పొయ్యికి దూరంగా. కొబ్బరినూనె వద్దు. మా దగ్గర ఒక పిల్లోడి నాయనమ్మ ప్రేమగా కొబ్బరినూనె పోసింది. వారంలో దుమ్మూ నూనే కలిసి జీడిలాగా గట్టిపడి ఎనిమిది చక్రాలూ మొరాయించాయి.

4. నేల, వేళ

బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో పరిచిన మిద్దె, వసారా చాలా ఇళ్లలో ఉంటుంది. చూడ్డానికి అద్దంలా ఉంటుంది, కానీ రెండు బండల సందున చిన్న గాడి ఉంటుంది చూడండి, చక్రం అందులో పడితే పిల్ల ముందుకు బోర్లా పడుతుంది. నాణెం నిలువుగా దిగేంత సందు ఉంటే అక్కడ వద్దు. పిట్టగోడ లేని మిద్దె అసలే వద్దు. బడిలో బాస్కెట్‌బాల్ కోర్టు మేలు, హెడ్మాస్టర్‌కు ఒక అర్జీ రాసి అడగండి, చాలామంది ఉదయం పూట ఒప్పుకుంటారు.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర. అంతే. సాయంత్రం ఆరుకు కూడా సిమెంటు అట్లపెనంలాగే ఉంటుంది, పడితే చర్మం కాలుతుంది.

5. పడటం, లేవడం

మొదటి రెండు రోజులు పడటమే పాఠం. మోకాళ్లు వంచి, పక్కకు, పిర్ర మీదికి. చేతులు వెనక్కి పెట్టి కూలబడకూడదు, మణికట్లు విరిగేది అట్లే. లేచేటప్పుడు ఒక మోకాలు నేల మీద, రెండు చేతులూ రెండో మోకాలి మీద. ఇరవైసార్లు నవ్వుతూ పడి లేచే పిల్లకు తర్వాత భయం ఉండదు. ఏడుస్తుంటే ఆ రోజుకు ఆపేయండి.

6. అంచులు. అసలు చదువు ఇదే

ఐస్ స్కేటు బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుంది. గాడికి అటొకటి, ఇటొకటి రెండు అంచులు. లోపలి అంచు మీద వాలితే ఒకవైపు వంపు, బయటి అంచు మీద వాలితే రెండోవైపు వంపు. ముందుకు, వెనక్కు, లోపలికి, బయటికి, కుడికాలు, ఎడమకాలు కలిపి ఎనిమిది. ఐస్ డ్యాన్స్ మొత్తం ఈ ఎనిమిదింటితో కుట్టిన బట్టే. నాలుగు చక్రాల స్కేట్లో బ్లేడు లేకపోయినా, బూటు వాల్చితే చక్రాల ఇరుసు అటే తిరిగి అదే వంపు ఇస్తుంది.

చేయాల్సింది ఇది. పాప ఎత్తుకు మూడింతలు అడ్డకొలత వచ్చేలా తాడు, సుద్దముక్కతో ఒక గుండ్రం గీయండి. పాప మీటరున్నర ఎత్తుంటే గుండ్రం అడ్డంగా నాలుగున్నర మీటర్లు. దానికి ఆనించి ఇంకొకటి. ఎనిమిది అంకె తయారైంది. ఒక్క తోపుతో ఒంటికాలి మీద ఒక గుండ్రం మొత్తం చుట్టి రావాలి. మొదటి నెలలో పావు వంతు వస్తే చాలు.

తప్పు పట్టుకోవడం ఎలా? గోనెపట్ట తడిపి, గుండ్రం మొదట్లో పరచండి. పాప చక్రాలు దాని మీదుగా పోయి తడి గీత వదులుతాయి. మన ఎండకు నిమిషంలో ఆరిపోతుంది, కాబట్టి వెంటనే చూడండి. గీత సుద్ద మీదే వంపుగా ఉంటే బాగుంది. కాస్త వంపు, కాస్త తిన్నగా, మళ్లీ వంపుగా పాము పోయినట్టు ఉంటే పాప చీలమండతో వాలుతోంది, ఒళ్లంతా వాలడం లేదు. గీత సుద్ద లోపలికి ముడుచుకుపోతే భుజం ముందే తిప్పేస్తోంది. ఈ గోనెపట్ట పరీక్ష ముందు ఏ కోచ్ మాటా నిలవదు, నాది కూడా.

అందరూ చేసే తప్పు: కిందికి చూడటం. తల బరువు ముందుకు పోతే వంపు చచ్చిపోతుంది. గుండ్రానికి అవతల గోడ మీద బొట్టుబిళ్ల అంటించి అటు చూడమనండి.

బయటి అంచు లోపలి అంచు కంటే కష్టం, పక్కకు పడిపోతామన్న భయం. అందుకని పిల్లలు దాన్ని తప్పించుకుని లోపలి అంచు మీదే బతికేస్తారు. మీరు ఒప్పుకోవద్దు. సగం టైం బయటి అంచుకే.

7. తిరుగుళ్లు

త్రీ టర్న్ ఒంటికాలి మీద ముందు నుంచి వెనక్కి తిరగడం, గీత 3 అంకెలా పడుతుంది. మోహాక్ కాలు మార్చి తిరగడం. ఇవి రెండూ వచ్చాకే మిగతావి. ట్విజిల్ అని ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూ ముందుకు సాగేది ఒకటుంది, పిల్లలు దాని మీదే పడతారు. ఏడాదిన్నర దాకా దాని పేరు కూడా ఎత్తకండి. ఇవన్నీ వీడియో చూసి నేర్చుకునేవి కావు, కోచ్ కావాలి. రోలర్ స్కేటింగ్ జాతీయ పోటీల్లో ఆర్టిస్టిక్ విభాగం ఉంది, అందులో సోలో డ్యాన్స్, కపుల్ డ్యాన్స్ కూడా ఉన్నాయి. ఆ విభాగం నేర్పేవాళ్లు ఎక్కువగా హైదరాబాదు లాంటి పెద్ద ఊళ్లలో ఉంటారు, నెలకు రెండు ఆదివారాలు పోయి రండి. హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఇదే నాలుగు చక్రాల ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో సింగిల్స్‌లో ఒకటి, పెయిర్స్‌లో ఒకటి, రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు వచ్చింది. ఐసు దాకా పోకపోయినా ఈ మెట్టు మీదే ఒక జీవితం ఉందని చెప్పడానికి ఇది రాశా.

8. జత

ఇక్కడికి వచ్చేసరికి చాలా ఇళ్లలో గొంతు మారుతుంది. "మా పాప ఎవరో పిల్లోడి చెయ్యి పట్టుకోవాలా సార్?" పట్టుకోవాలి. దాచి లాభం లేదు, మొదటిరోజే మాట్లాడుకోండి.

మొహమాటం ఉన్న ఇళ్లకు నేనిచ్చే సలహా అన్నాచెల్లెళ్ల జత. ఇది సర్దుబాటేం కాదు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో అమెరికాకు ఐస్ డ్యాన్స్ కాంస్యం తెచ్చిన మాయా, అలెక్స్ షిబుటానీలు చెల్లెలు, అన్న. మేనత్త కొడుకు, పెదనాన్న కూతురు, ఎవరైనా సరే, ఇంటికి దగ్గర్లో ఉండి రోజూ రాగలిగితే.

జత చూసేటప్పుడు ఎత్తు కంటే ముందు మోకాలు చూడండి. ఇద్దరూ "త" మీద ఒకేసారి, ఒకే లోతుకు వంగుతున్నారా? పక్కనుంచి వీడియో తీసి ఆపి ఆపి చూడండి. ఒకరి తల పైకి లేస్తుంటే ఇంకొకరిది కిందికి పోతుంటే ఎన్నాళ్లు తిరిగినా జత కాదు, పక్కపక్కన నడిచే ఇద్దరు బాటసారులు.

హెచ్చరికలు రెండు. ప్రాక్టీసులో ఇద్దరి ఇళ్ల నుంచి ఒక్కొక్క పెద్దవాళ్లు ఉండాలి, కోచ్ ఎంత తెలిసినవాడైనా సరే. ఇక లిఫ్టులు సిమెంటు మీద వద్దు, చాప మీద, బూట్లు లేకుండా, కోచ్ పట్టుకుంటేనే.

జత కుదరకపోతే సోలో డ్యాన్స్ చేయించండి. జతను తొందరపడి మార్చకండి. కెనడాకు 2010లో, 2018లో స్వర్ణాలు తెచ్చిన టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్ 1997లో ఏడేళ్ల పిల్ల, తొమ్మిదేళ్ల పిల్లోడుగా జత కట్టారు. మొదటి ఒలింపిక్ పతకానికి 13 ఏళ్లు పట్టింది.

9. మొదటిసారి ఐసు దగ్గరికి

పైవన్నీ ఏడాది, ఏడాదిన్నర చేశాక. అంతకుముందు పోతే అది విహారయాత్ర. మంచిదే, కానీ ఆ డబ్బు స్కేట్లకు పెట్టుకోండి.

గురుగ్రామ్‌లో ఒక మాల్‌లోపల రింకు ఉంది. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకు కట్టిన హిమాద్రి రింకు చాలా ఏళ్లు మూతబడి 2025లో మళ్లీ తెరుచుకుంది. అనంతపురం వాళ్లు కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ఢిల్లీలో దిగుతారు, కర్నూలు వాళ్లు హైదరాబాదు మీదుగా పోవడం సులువు. టికెట్ తీసే ముందు రింకు తెరిచుందో లేదో, ఏ వేళల్లో ఫిగర్ స్కేటింగ్‌కు ఇస్తారో ఫోన్ చేసి కనుక్కోండి. కనీసం నాలుగు రోజులు పెట్టుకోండి. ఒక్కరోజు పోతే కాళ్ల వణుకు తగ్గేసరికి రైలు టైం అవుతుంది.

అద్దె స్కేట్లు చాలు. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, స్వెటర్ తీసుకుపోండి. తొడుగులు చలికి మాత్రమే కాదు, పడ్డచోట ఇంకొకరి బ్లేడు వేళ్ల మీద పోకుండా.

రోలర్ పిల్లలకు ఐసు మీద రెండు చిక్కులు. చక్రాల మీద ముందు రబ్బరు బ్రేకుతో ఆగే అలవాటు ఉంటుంది. ఐస్ స్కేటు ముందు పళ్లుంటాయి, అవి ఆపవు, గుచ్చుకుని బోర్లా పడేస్తాయి. కాబట్టి మొదటి గంట పాదం పక్కకు తిప్పి గీరుతూ ఆగడమే నేర్పండి. రెండోది, ఐసు మీద రాపిడి తక్కువ, ఒక్క తోపుకు అంతదూరం పోతారు. పిల్లలు హడలిపోయి బిగుసుకుంటారు. మళ్లీ మోకాలు వంచమనడమే.

నాలుగో రోజు సాయంత్రానికి ముందుకు బయటి అంచు మీద రెండు కాళ్లతోనూ అరగుండ్రం వచ్చిందంటే మీ సిమెంటు చదువు బాగా సాగినట్టే. రాకపోతే నిరుత్సాహం వద్దు, ఏ కాలు రాలేదో చూసుకుని ఇంటికొచ్చి ఆ కాలి మీద పడండి.

సొంత బ్లేడ్లు కొన్నాక ఒక జాగ్రత్త, ఇది నా సొంత బుద్ధితక్కువ. కుర్రతనంలో నా మొదటి జత మొద్దుబారితే వీధిలో కత్తులకు సాన పట్టేవాడి దగ్గరికి తీసుకుపోయా. ఆయన పాపం శ్రద్ధగా, అద్దంలా, చదునుగా అరగదీసి ఇచ్చాడు. గాడి పోయింది, గాడితోపాటు రెండు అంచులూ పోయాయి. మళ్లీ ఐసు ఎక్కితే సబ్బు మీద నిలబడ్డట్టే. సాన రింకు దగ్గరే పట్టించండి. ఐసు దిగగానే బట్టతో తడి తుడవండి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు. నేల మీద నడిచేటప్పుడు ప్లాస్టిక్ తొడుగు, బ్యాగులో పెట్టేటప్పుడు బట్ట తొడుగు. అటూఇటూ మార్చొద్దు.

10. పోటీలు, వయసు, డబ్బు

అంతర్జాతీయ జూనియర్ పోటీలకు 13 ఏళ్లు నిండాలి, సీనియర్‌కు 2024-25 సీజన్ నుంచి 17, రెండూ జులై 1 నాటికి. పోటీలో రెండు భాగాలు. రిథమ్ డ్యాన్స్ (ఆ సీజన్‌కు నిర్ణయించిన తాళంలో ఆడేది) 2 నిమిషాల 50 సెకన్లు, ఫ్రీ డ్యాన్స్ (సొంతంగా ఎంచుకున్న పాటకు ఆడేది) సీనియర్లకు 4 నిమిషాలు, అటూఇటూ 10 సెకన్ల సడలింపు. జత ఇద్దరిదీ ఒకే దేశం కాకపోయినా మామూలు అంతర్జాతీయ పోటీల్లో ఒక దేశం తరఫున ఆడొచ్చు. ఒలింపిక్స్‌లో మాత్రం ఇద్దరూ ఆ దేశ పౌరులై ఉండాలి. జతగాడిని విదేశంలో వెతికే ఆలోచన ఉంటే ఈ ఒక్కమాట ముందే గుర్తుపెట్టుకోండి.

డబ్బు సంగతి కుండ బద్దలు కొట్టినట్టే చెప్తా. పైస్థాయికి పోవాలంటే రోజూ ఐసు కావాలి, అంటే ఊరు వదలాలి, చాలాసార్లు దేశం వదలాలి. రెండెకరాలు అమ్మి పంపుతానంటే నేను వద్దంటా. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన ఇంగ్లండు జత టోర్విల్, డీన్ ఉద్యోగాలు చేసుకుంటూ ఎదిగారు. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, ఆయన పోలీసు. వాళ్ల ఊరి నాటింగ్‌హామ్ కౌన్సిల్ డబ్బు సాయం చేశాకే పూర్తిగా ఆటలోకి దిగారు. చదువు ఆపించకండి. ఆడటం అయిపోయాక కోచ్‌గా, కొరియోగ్రాఫర్‌గా, జడ్జిగా, ఐస్ షోల్లో, రింకు ఉన్న పెద్ద ఓడల్లో పనులుంటాయి. వాటన్నిటికీ ఇంగ్లిష్ మాట, ఒక డిగ్రీ పనికొస్తాయి.

నా దగ్గరికి వచ్చేముందు

మూడు వీడియోలు తీసుకురండి. ఒకటి, సౌండు తీసేసినా తకిట తప్పకుండా నడిచింది. రెండు, గోనెపట్ట మీదుగా పోయిన తడి గీత, ఆరకముందు తీసింది, రెండు కాళ్లదీ. మూడు, పక్కనుంచి పాప మోకాలు కనబడేలా ఒక నిమిషం. అవి చూసి ఏ మెట్టు మీద ఉన్నారో పది నిమిషాల్లో చెప్తా, ఫీజు లేదు. ఉత్త చేతులతో వస్తే మాత్రం నేను చెప్పేది రెండో మెట్టే.